చినిగిన సంచుల లెక్క

17 సెప్టెంబర్ 2025, బుధవారం

ధర్మతేజ వచ్చి లాప్‌టాప్‌లో అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి వెళ్ళాడు. మా మరిది కొడుకు. సింధనూరులో ఒక ఆడిటర్ దగ్గర పని చేస్తాడు. మా ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు, అదే ఓడీ, రెన్యువల్‌కి ఈసారి బ్యాంకు వాళ్ళు సప్లయర్ల వారీగా బ్యాలెన్సులు అడుగుతున్నారట. పెదనాన్న లెక్కలు పెదనాన్న ఒక్కడికే అర్థమయ్యేవి పెద్దమ్మా, ఇక అలా కుదరదు అన్నాడు. మా ఆయన రమేష్‌బాబు పోయి పది నెలలైంది. పోయిన మనిషిని కూడా ఈ పిల్లలు వదలరు.

పదహారేళ్ళు ఇక్కడి ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పాను. ఆయన పోయాక స్కూలు మానేసి కొట్లో కూర్చున్నాను. తుర్విహాళ అనే ఈ కన్నడనాటి ఊళ్ళో బస్టాండు వెనక గోనె సంచుల కొట్టు. వడ్లు కోతకొచ్చే ముందు రైతులు కొనుక్కెళతారు, మిగతా రోజులు ఈగలు తోలుకోవడమే. ముందు కొట్టు, మధ్యలో గోడౌన్, వెనక ఇల్లు. పిల్లలు లేరు. ఈ మూడింట్లోనూ నేనే.

స్కూల్లో రోజుకు రెండొందల మంది గుడ్ మార్నింగ్ మేడం అనేవాళ్ళు. అప్పుడు విసుగ్గా ఉండేది.

18 సెప్టెంబర్, గురువారం

లాప్‌టాప్ తెరవగానే గుడ్ మార్నింగ్ మాధవీలత అని వచ్చింది. నన్ను పేరు పెట్టి పలకరించేది ఇప్పుడు ఇదొక్కటే.

21 సెప్టెంబర్, ఆదివారం, అమావాస్య

ఇవాళ పంపమ్మ వచ్చిన రోజు. అందుకే రాయడానికి ఏదో ఉంది.

అమావాస్య నాడు ఇక్కడ సరుకు ఎత్తరు, దించరు. హమాలీలు రారు, కొట్లన్నీ పూజ చేసుకుని ఊరికే ఉంటాయి. ఆ రోజే పంపమ్మ వస్తుంది. పాత సంచులు మాకు ఎక్కువగా పంపేది తాయప్ప. ఆయన భార్య ఈమె. వాళ్ళ సొంతూరు చంద్రబండ, ముప్పై ఏళ్ళుగా ఉండేది మాన్విలో. తాయప్ప అక్కడి మిల్లులు, దుకాణాలు తిరిగి ఖాళీ సంచులు కొని, ఏరి, కట్టలు కట్టి మాకు తోలుతాడు. వెయ్యి సంచుల్లో ఇరవయ్యో ముప్పయ్యో చినిగినవి వస్తాయి. పంపమ్మ అమావాస్యకు ఒక దబ్బనం, పురికొస ఉండ సంచిలో వేసుకుని పదిన్నర బస్సుకు దిగి, గోడౌన్ గుమ్మంలో కూర్చుని వాటిని కుడుతుంది. సాయంత్రం అయిదు బస్సుకు వెళ్తుంది.

రమేష్‌బాబు ఉన్నప్పుడూ వచ్చేది. నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఆమె బస్సుకు బయల్దేరుతుండేది. ఎందుకు వస్తోందని నేనెప్పుడూ అడగలేదు. మంచినీళ్ళ పంపు, కరెంటు బిల్లు, పంపమ్మ, ఇవన్నీ ఈ ఇంట్లో ముందు నుంచీ ఉన్నవే అనుకున్నాను. ఆయన పోయాక మాత్రం ఆమెతో రోజంతా కూర్చుంటున్నాను. ఆమెను నేను మీరు అంటాను. ఆమె నన్ను నువ్వు అంటుంది, బిడ్డా అంటుంది.

మూడు గంటల ప్రయాణం మీకు కష్టం కదా అని ఇవాళ అన్నాను. ఆడోళ్ళకు బస్సు ఫుకట్ గదా బిడ్డా, ఆధార్ కార్డు సూపిస్తె టికెట్ ఇస్తరు, ఇంట్ల కూసొని ఆయన మొకం ఎంతసేపని సూడాలె అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తు తెచ్చుకోబోయి, మానేశాను. పోయిన అమావాస్యకే నవ్వి ఉంటాను.

మధ్యాహ్నం ఇద్దరం తిన్నాం. ఆమె జొన్నరొట్టెలు తెస్తుంది, నేను గోంగూర చేస్తాను. ఆమె దాన్ని పుంటికూర అంటుంది. నీ చేతి పుంటికూర పుల్లగుంటది, నువ్వట్ల లేవు అంటుంది. తింటూ ఉండగా ఎప్పుడూ అడిగేదే అడిగింది, నిద్ర వడుతున్నదా బిడ్డా అని. పడుతోంది అన్నాను. కొంచెం సేపు నా మొహం చూసి, ఇంకో రొట్టె నా పళ్ళెంలో వేసింది.

నాకు నెల ఒకటో తారీఖున మొదలవదు. ఇక్కడ మొదలవుతుంది.

25 సెప్టెంబర్, గురువారం

సాఫ్ట్‌వేర్ చేతికి అలవాటవుతోంది. ఇవాళ ధర్మతేజ ఫోన్లో సప్లయర్ క్రెడిట్ ఎలా ఎక్కించాలో చెప్పాడు. వచ్చిన సరుకులో డ్యామేజీ ఉంటే సప్లయర్ మనకు తగ్గించాల్సిన మొత్తం అది. సప్లయర్ పేరు, తేదీ, ఎన్ని, రేటు, కారణం. సేవ్ కొడితే అతని ఖాతాలో మన పేర కూర్చుంటుంది. కొత్త బిల్లు వచ్చినప్పుడు అప్లై చేస్తే ఆ మేరకు బిల్లు తగ్గిపోతుంది. వెతుకు పెద్దమ్మా, పెదనాన్న మొహమాటానికి అడక్కుండా వదిలేసినవి చాలానే ఉంటాయి అన్నాడు.

వెతికాను. బీరువాలో ఆయన చొక్కాల కింద జేబు పుస్తకం దొరికింది. తాయప్ప పేరున పేజీలు పేజీలు. ప్రతి లోడుకూ తేదీ, ఎన్ని సంచులు, ఎంత ఇచ్చిందీ, పక్కన చిన్న అక్షరాలతో 14 చి, 22 చి, 31 చి. చినిగినవి. బిల్లు మాత్రం ప్రతిసారీ పూర్తిగా కట్టేశాడు. ఒక్క రూపాయి తగ్గించలేదు.

ఆ పుస్తకంలో ఉన్నవి రెండేళ్ళ లెక్కలు, అన్నీ కూడి చూశాను. మూడుసార్లు కూడాను, మూడుసార్లూ 386. ముప్పై రూపాయల చొప్పున 11,580. సప్లయర్ అన్న చోట తాయప్ప. కారణం అన్న చోట డ్యామేజ్డ్. సేవ్.

నిజం రాస్తున్నాను, చాలా సంతోషమేసింది. ఎన్నాళ్ళ తర్వాతో ఎర్ర పెన్ను పట్టుకున్నట్టుంది. రమేష్‌బాబు మెతక మనిషి. కూరగాయల దగ్గర కూడా బేరం ఆడేవాడు కాదు. ఆయన అడగలేనిది నేను అడుగుతున్నాను, ఎక్కడున్నా చూసి నవ్వుకుంటాడు అనుకున్నాను.

స్టేట్‌మెంట్ అని ఒక బటన్ ఉంది. నొక్కితే పీడీఎఫ్ వచ్చింది. పైన మా కొట్టు పేరు, కింద తాయప్ప పేరు, అడుగున 11,580. తాయప్ప వాట్సాప్‌కి పంపాను. పది నిమిషాల్లో రెండు నీలం టిక్కులు పడ్డాయి.

26 సెప్టెంబర్, శుక్రవారం

తాయప్ప నుంచి జవాబు లేదు. ఒప్పుకున్నట్టే.

9 అక్టోబర్, గురువారం

తాయప్ప లోడు వచ్చింది. టెంపోలో తనూ వచ్చాడు. వెయ్యి సంచులు, ముప్పై వేల బిల్లు. హమాలీలు దించుతుండగా బిల్లు ఎక్కించాను. కింద పసుప్పచ్చ గళ్ళో, ఈ సప్లయర్ దగ్గర వాడని క్రెడిట్ ఉంది, అప్లై చేయాలా అని అడిగింది. చేశాను. 18,420 మిగిలింది.

తాయప్పకు చదువు రాదు. అయినా స్క్రీన్ అతని వైపు తిప్పి, వేలు పెట్టి చూపించి, నిదానంగా వివరించాను. ఏడో క్లాసుకు చెప్పినట్టు చెప్పాను. మా కోడలు కావేరి సదివి చెప్పిందమ్మా అన్నాడు. తర్వాత, సావుకారు రాసిపెట్టిండా అని అడిగాడు. ఆయన చేతిరాతే అని జేబు పుస్తకం అందించాను. దాన్ని రెండు చేతులతో పట్టుకుని అట్ట మీద ఒకసారి నిమిరాడు. తెరవలేదు. తిరిగి ఇచ్చేశాడు.

డబ్బిచ్చాను. లెక్కపెట్టకుండా బొడ్లో దోపుకున్నాడు. సరే మేడం, వస్త అన్నాడు. టీ సగం గ్లాసు అలాగే ఉంది.

10 అక్టోబర్, శుక్రవారం

మేడం అన్నాడు. ఇరవై ఏళ్ళుగా అమ్మా అన్నవాడు.

16 అక్టోబర్, గురువారం

ఇవాళ నేను పైకి మాట్లాడిన వాక్యాలు లెక్కపెట్టాను. నలభై ఒకటి. ముప్పై ఎనిమిది సంచుల రేటు గురించి, కన్నడంలో. రెండు పాలవాడితో. ఒకటి బల్లితో.

ఇలా లెక్కపెట్టే ఆడదాన్ని చూస్తే నాకే భయం వేస్తుంది.

21 అక్టోబర్, మంగళవారం, అమావాస్య

గోంగూర చేశాను. పదిన్నర బస్సు వచ్చింది. బస్టాండు దగ్గరే కాబట్టి హారను వినిపిస్తుంది. దిగి, సందు తిరిగి, చెప్పులు విడవడానికి ఆరు నిమిషాలు. పది నిమిషాలు చూశాను. తర్వాత బస్సు పన్నెండున్నరకు.

దీపావళి అమావాస్య కదా, వాళ్ళింట్లో పూజ ఉంటుంది. పోయినేడు దీపావళికి వచ్చిందా? వచ్చింది. రమేష్‌బాబు ఆమెకు చీర పెట్టాడు, నాకు గుర్తుంది. అయినా పోయినేడు వేరు, ఈ ఏడు మనవళ్ళు పెద్దవాళ్ళయి ఉంటారు.

సాయంత్రం అయిదు బస్సు వెళ్ళిన హారను కూడా విన్నాను.

22 అక్టోబర్, బుధవారం

ఇవాళా గోంగూరే.

5 నవంబర్, బుధవారం

నిన్న తిథి ప్రకారం రమేష్‌బాబు సంవత్సరీకం. ఇరవై రెండు మంది వచ్చారు. పన్నెండింటికి తిన్నారు, మూడింటికల్లా వెళ్ళిపోయారు. తిట్టడానికేం లేదు, కోతల రోజులు, అందరికీ పొలాలున్నాయి. నా తోటికోడలు తులసమ్మ నా భుజం తట్టి, నీకేమమ్మా, కొట్టు ఉంది, కాలక్షేపం అవుతుంది అంది. ఆమె మంచి మనసుతో అన్నమాటే. నాకు మాత్రం విస్తరాకు మడిచి అవతల పడేసినట్టుంది.

ధర్మతేజ అందరికీ చెప్పాడు, పెద్దమ్మ పాత క్రెడిట్ పదకొండు వేలు వసూలు చేసిందని. పున్నయ్య బాబాయి గారు లెక్కల మేష్టారమ్మ అనిపించావు అన్నారు. ఓడీ రెన్యూ అయింది. బ్యాంకు వాళ్ళు మా పుస్తకాలు చాలా క్లీన్‌గా ఉన్నాయన్నారట.

తాయప్పకు కబురు చేశాను. రాలేదు. పంపమ్మా రాలేదు. పోయినేడు ఆయన పోయిన రోజున కబురు తెలిసి వచ్చి, నా కంటే ముందు గోడౌన్‌లో కూలబడి ఏడ్చింది ఆమే.

సాయంత్రం గిన్నెలు కడిగి, తుడిచి, బోర్లించాక ఇంట్లో చప్పుడనేదే లేదు. కావాలని ఒక గిన్నె కింద పడేశాను.

20 నవంబర్, గురువారం, అమావాస్య, ఉదయం 11

పదిన్నర బస్సులో రాలేదు. ఇక ఆగలేక తాయప్పకు ఫోన్ చేశాను. పంపమ్మ గారికి ఒంట్లో బాగాలేదా అని అడిగాను. మంచిగనే ఉన్నది మేడం అన్నాడు. మరి రెండు అమావాస్యలుగా రావడం లేదేం అన్నాను. ఫోన్లో వెనక ఎవరో జొన్నలు చెరుగుతున్న చప్పుడు. పంపమ్మే అయి ఉంటుంది.

అప్పుడు చెప్పాడు. ఇంక ఆమెకు ఆడ ఏం పని మేడం, హిసాబ్ అయిపాయె గదా అన్నాడు. నాకు అర్థం కాలేదు అన్నాను. సంచిని వాళ్ళు చీల అంటారు. చినిగిన చీలకు పైసలు లేవు, కుట్టు ఉన్నది, అది సావుకారుకు నాకు ఇరవై ఏండ్ల కిందట అయిన మాట. ఎన్ని చినిగినయో సావుకారే లెక్క చెప్పాలె, నేను మారు మాట్లాడొద్దు. అన్నిటికి నా పెండ్లాం వచ్చి కుట్టియ్యాలె, సావుకారు బిల్లు కొయ్యొద్దు. ఇప్పుడు మీరు పైసలు కోసుకుంటిరి, ఇంక కుట్టు ఏడిది అన్నాడు.

కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పినా బాగుండేది.

ఆ రోజే ఎందుకు చెప్పలేదు తాయప్పా అని అడిగాను. సావుకారు లేని ఇల్లు, చేతిల పైసలు ఆడుతలేవేమో, నోరు తెరిచి అడగలేక గిట్ల కాయిదం పంపిందేమో అనుకున్నం, ఇద్దరం మాట్లాడుకొని ఊకున్నం అన్నాడు. ఆ బుక్కు ఎనకదిక్కు నుంచి తిప్పి సూడున్రి మేడం అని పెట్టేశాడు.

అదే రోజు, మధ్యాహ్నం 2

చూశాను.

పుస్తకం తలకిందులు చేసి వెనక అట్ట తెరిస్తే, అక్కడ ఇంకో పుస్తకం ఉంది. మొదటి పేజీలో రమేష్‌బాబు అక్షరాలు, పంపమ్మ కుట్టినవి అని. కింద తేదీలు, అన్నీ అమావాస్యలే. తేదీ పక్కన నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి. మళ్ళీ నాలుగు, మళ్ళీ అడ్డంగా ఒకటి. ముందు నుంచి చినిగినవి రాశాడు, వెనక నుంచి కుట్టినవి రాశాడు. ఈ చివర బాకీ, ఆ చివర చెల్లు. ఇక్కడి పాత వ్యాపారులందరూ ఇంతేనట, హమాలీ మేస్త్రి సూగప్పకు ఫోన్ చేసి అడిగితే, మీకు తెలీదా మేడం అన్నాడు.

పదహారేళ్ళు పిల్లల నోట్‌బుక్కులు వెనక నుంచి తిప్పి, రఫ్ వర్కు ఇక్కడెందుకు చేశారని చెవులు మెలేసినదాన్ని నేను. మొగుడి పుస్తకం ఒక్కటీ తిప్పలేదు.

గీతలు లెక్కపెట్టాను. 391. ఆఖరి తేదీ పోయినేడు నవంబర్ ఒకటి, దీపావళి అమావాస్య. ఆయన పోవడానికి పదమూడు రోజుల ముందు.

చినిగినవి 386, కుట్టినవి 391. రమేష్‌బాబు పోయేనాటికే తాయప్ప మాకు ఏమీ బాకీ లేడు. పైగా పంపమ్మ అయిదు సంచులు ఎక్కువే కుట్టి ఉంది.

తీరిపోయిన లెక్కకు నేను రెండోసారి డబ్బు కోసుకున్నాను. డ్యామేజ్డ్ అని కారణం కూడా రాశాను.

అదే రోజు, సాయంత్రం 5

బస్సు వెళ్ళింది.

ఇంకో లెక్క ఉంది. అది చేయకూడదనుకుంటూనే చేశాను. ఆయన పోయాక, మొన్న సెప్టెంబర్ దాకా, పంపమ్మ పదకొండు అమావాస్యలు వచ్చింది. ఈ మధ్యలో వచ్చింది ఏప్రిల్ లోడు ఒక్కటే. అందులో చినిగినవి ఓ పాతిక ఉండొచ్చు. అది ఆమెకు ఒక పూట పని. మిగిలిన పది అమావాస్యలు ఏం కుట్టింది?

గుర్తు తెచ్చుకున్నాను. మిగతా సప్లయర్ల సంచులు లాగి కుట్టింది. కుట్టిన సంచినే మళ్ళీ కుట్టింది. జులైలో ఒకసారి, అది మొన్న కుట్టిందే కదా అని నేను అడిగితే, ఇంకో పోగు వడితె గట్టిగుంటది బిడ్డా అంది. నేను నమ్మాను. ఆమె చేతిలో దబ్బనం, నా చేతిలో టీ గ్లాసు, రోజంతా మాట్లాడుకున్నాం. పని లేదని తెలిస్తే నేను మొహమాటపడతానని పని చూపించింది. కుట్టడానికి వచ్చిందనుకున్నాను. నిద్ర పడుతోందా అని అడగడానికి వచ్చింది.

ఆ మనిషికి నేను పీడీఎఫ్ పంపాను.

ఇవాళ చాలా ఏడ్చాను. రమేష్‌బాబు పోయినప్పుడు ఏడ్చింది వేరు, అప్పుడు నా తప్పేమీ లేదు.

24 నవంబర్, సోమవారం

మాన్వి వెళ్ళొచ్చాను. 11,580 కవర్లో పెట్టుకుని మొదటి బస్సు ఎక్కాను. కండక్టర్ నాకూ ఫ్రీ టికెట్ కొట్టి ఇచ్చాడు. మూడు గంటలు. ఇంత దూరమని నాకు తెలియదు. నెలనెలా మోకాళ్ళ నొప్పులతో వచ్చేది.

రెండు గదుల ఇల్లు, ముందు రేకుల పంచలో ఇంటి ఎత్తున సంచుల కట్టలు. పంపమ్మ నన్ను చూసి లేచి నిలబడింది. లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. కూసోన్రి మేడం అంది. తను కింద కూర్చుంది. కావేరి స్టీలు గ్లాసులో టీ, ప్లేటులో బిస్కెట్లు తెచ్చింది. మా ఇంట్లో పంపమ్మ ఎప్పుడూ గుమ్మానికి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చునేది. నేనూ ఆ పక్కనే.

చెప్పాల్సింది బస్సులో తయారు చేసుకున్నాను. అక్కడ సగం కూడా రాలేదు. వెనక పేజీలు చూడలేదు, నాది తప్పు అన్నాను. కవరు తాయప్పకిచ్చాను. వద్దంటాడేమో, బతిమాలాల్సి వస్తుందేమో అనుకున్నాను. అనలేదు. విప్పి, నోటు నోటూ లెక్కపెట్టి, సరిపోయినయి అన్నాడు. అదే మంచిదైంది. కావేరి చేత చిన్న కాగితం మీద ముట్టినట్టు రాయించి వేలిముద్ర వేశాడు. నేను నేర్పిన మర్యాదే నాకు చూపించాడు.

పంపమ్మ ఒక్కటే అడిగింది, కంప్యూటర్ల ఎక్కిస్తరా మేడం ఇది అని. ఎక్కిస్తాను అన్నాను. ఎక్కించున్రి, మల్ల ఎవరన్న అడిగితె ఉండాలె అంది.

వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఆగాను. అమావాస్యకు రండి అని అడగడానికి నాకు ఏ హక్కుందో తెలియలేదు. అయినా అడిగాను. ఆమె నా వైపు చూడకుండా, చినిగినయి ఉంటె ఫోన్ చేయున్రి, వచ్చి కుడత అంది. ఊరికే రమ్మంటే రాదు. ఊరికే వచ్చిన పదిసార్లకూ నేను ఏం చేశానో చూసింది కదా.

తిరిగొచ్చే బస్సులో కిటికీ సీటు దొరికింది. కోసిన మళ్ళు, కోయని మళ్ళు, కోత మిషన్లు. నన్ను బిడ్డా అనే మనిషి ఈ జిల్లాలో ఒక్కతే ఉండేది, ఆమెను నా చేత్తో నేనే పోగొట్టుకున్నాను అని సింధనూరు దాకా అనుకుంటూనే ఉన్నాను.

25 నవంబర్, మంగళవారం

క్రెడిట్ డిలీట్ చేద్దామంటే కాలేదు. బిల్లుకు అప్లై అయిపోయిందట, డిలీట్ కుదరదట. ధర్మతేజకు ఫోన్ చేశాను. బ్యాంకుకు ఇచ్చేసిన లెక్క అది, దాన్ని కదపొద్దు పెద్దమ్మా, ఇచ్చిన డబ్బును కొత్త బిల్లుగా వేసెయ్, రిపేర్ చార్జెస్ అని రాయి అన్నాడు. అసలు అంత డబ్బు తిరిగి ఎందుకిచ్చావ్ అని కూడా అడిగాడు. రాంగ్ ఎంట్రీ అన్నాను.

రిపేర్ చార్జెస్, 11,580. తాయప్ప ఖాతా సున్నా అయింది. ఈ సాఫ్ట్‌వేర్‌లో వెనక పేజీ లేదు.

10 డిసెంబర్, బుధవారం

తాయప్ప లోడు. ఎనిమిది వందల సంచులు. తను రాలేదు, టెంపో డ్రైవర్ చేత పంపాడు.

హమాలీలు వెళ్ళాక కట్టలన్నీ విప్పాను. నేనొక్కదాన్నే, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ దాకా. ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూశాను. ముక్కు నిండా దుమ్ము, తుమ్ములు. ఇరవై ఉంటాయి, పదన్నా ఉంటాయి, ఫోన్ చేయొచ్చు అనుకున్నాను.

ఒక్కటీ చినగలేదు. నా కంటే ముందు అక్కడ ఎవరో ఇలాగే ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసి, ఏరి, మంచివే కట్ట కట్టారు. ఇకమీదట ఒక్క మాట పడకూడదని.

అక్టోబర్ లోడు కోతల్లోనే అమ్ముడైపోయింది, గోడౌన్‌లో మిగిలిన పాతవి కూడా వెతికాను. అన్నిటి మీదా పంపమ్మ కుట్లే. కుట్టు మీద కుట్టు.

11 డిసెంబర్, గురువారం

ధర్మతేజ మెసేజ్ పెట్టాడు. ఈ నెల డ్యామేజ్ జీరో, సూపర్ పెద్దమ్మా అని, బొటనవేలు బొమ్మతో.

18 డిసెంబర్, గురువారం

పొద్దున కొట్టు తెరిచి, గుడ్ మార్నింగ్ మాధవీలత చదివి, లాప్‌టాప్ మూసేశాను. గోడౌన్‌లోకి వెళ్ళి తాయప్ప కట్టలోంచి ఒక సంచి లాగాను. మంచిది, గట్టిది. కత్తెరతో మధ్యలో జానెడు కోశాను. గోనె తొందరగా తెగదు. చెయ్యి నొప్పెట్టింది.

లాప్‌టాప్‌లో ఎంట్రీ చేయలేదు. పుస్తకం ముందు నుంచి తెరిచి, ఆయన ఆఖరి లైను కింద 1 చి అని రాశాను.

తాయప్పకు ఫోన్ చేసి, చినిగింది ఒకటుంది అని చెప్పాను. ఒక్క చీలనా మేడం అన్నాడు. ఒక్కటే అన్నాను. అన్నీ సూసే పంపినం గదా అన్నాడు. ఒకటుంది అని మళ్ళీ అన్నాను. సరే, చెప్త అన్నాడు.

గోంగూర తెచ్చి కడిగి ఆరబెట్టాను. నాకైతే ఇంత అక్కర్లేదు.

19 డిసెంబర్, శుక్రవారం, అమావాస్య

పదిన్నర బస్సుకు వచ్చింది. సంచి ఒళ్ళో పరుచుకుని చిరుగు అంచును వేలితో తడిమి చూసింది. ఇది కత్తెరతోని కోసింది బిడ్డా అంది. అవును అన్నాను. దబ్బనం నా చేతికిచ్చి, దారం ఎక్కియ్యి, కండ్లు సరిగ ఆనుతలేవు అంది.

ఒక్క సంచి. అయిదు బస్సుకు వెళ్ళింది.